కె9 అడిగిన చోట కె7 ఎందుకు వేశాం: మునుగోడు వైపు ఒక డీఐ పైపులైను కేస్ స్టడీ

మా చేతికొచ్చిన అంచనాలో పైపు గురించి ఉన్నది ఒక్క ముక్కే: "300 మి.మీ. డీఐ, కె9, మొత్తం 9 కిలోమీటర్లు." డీఐ అంటే డక్టైల్ ఐరన్ పైపు. కె9, కె7 దాని గోడ మందం తరగతులు, అంకె పెద్దదైతే గోడ మందం. మునుగోడు, చౌటుప్పల్ మధ్య ఒక చిన్న పారిశ్రామిక వాడకీ, దారిలో ఉన్న రెండు ఊళ్లకీ శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు ఇచ్చే లైను అది. డిజైన్ సరిచూడటం, సైటులో పని నాణ్యత చూసుకోవడం మా బాధ్యత. పని ముగిసేసరికి సుమారు 8 కిలోమీటర్లు కె7 పడింది. కె9 ఒక్క కిలోమీటరే మిగిలింది. అంచనాలో ఊసే లేని పాలిథీన్ తొడుగు 2.4 కిలోమీటర్ల మేర వచ్చింది. డీఐలోనే వేద్దామనుకున్న ఇంకో లైనును పూర్తిగా హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపుకి మార్చాం. ఈ మార్పులన్నిటికీ కారణాలు లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి అంచనాలు మన జిల్లాల్లో రోజూ తయారవుతున్నాయి, చాలావాటిలో పాత అంచనాలోని "కె9" అన్న మాటే కొత్తదాంట్లోకి దిగుతోంది.

ఈ ప్రాంతంలో నీటి లైను ఎంత ముఖ్యమో ముందు చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే నీరి సంస్థ పద్ధతికి ఈ నల్గొండ జిల్లా పేరే పెట్టారు. కృష్ణా నీళ్ల లైను రెండు రోజులు ఆగిందంటే ఊరు మళ్లీ బోరు దగ్గరికి పోతుంది. అందుకే ఈ పనిలో మేము మొదట చూసింది లైను ఆగకుండా నడవడం. పైపు ధర ఆ తర్వాతే.

లైను నడిచే దారి

పంప్‌హౌస్ నుంచి మొదటి రెండున్నర కిలోమీటర్లు ఎర్ర చెలక, కింద మొరం. తవ్వడానికి సుఖం. తర్వాత ఒక వాగు వస్తుంది. అక్కడ లైను పంపు మట్టానికి 14 మీటర్లు కిందికి దిగుతుంది. వాగు దాటాక చెరువు కింది ఆయకట్టు. సుమారు రెండున్నర కిలోమీటర్లు వరి మళ్లు, నల్లరేగడి, అక్కడక్కడ తెల్లగా చౌడు లేచిన నేల. ఆ తర్వాత నేల లేస్తుంది. 5.6 కిలోమీటర్ల దగ్గర ఒక మెట్ట, దాని మీద లైను పంపు కంటే 49 మీటర్లు ఎత్తున ఉంటుంది. మళ్లీ కొంచెం దిగి, చివర బండ నేల గుండా గుట్ట మీది ట్యాంకుకి చేరుతుంది. ట్యాంకులో నీటి మట్టం పంపు కంటే 52 మీటర్లు పైన.

రోజుకు 60 లక్షల లీటర్లు, 22 గంటల పంపింగ్. అంటే గంటకు సుమారు 273 ఘనపు మీటర్లు.

ముందు ప్రశ్న: అసలు డీఐ ఎందుకు

పారిశ్రామిక వాడ వాళ్లు హెచ్‌డీపీఈ వైపు మొగ్గారు. మీటరు ధర తక్కువ, తుప్పు పట్టదు. రెండూ నిజమే. కానీ ధరలు పోల్చేటప్పుడు వాళ్లు "300 డీఐ", "315 హెచ్‌డీపీఈ" అని పక్కపక్కన రాసుకున్నారు. ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది. డీఐలో 300 అనేది పైపు పిలుపు సైజు. దాని బయటి వ్యాసం 326 మి.మీ. గోడ మందం, లోపలి సిమెంటు పూత తీసేశాక కూడా కె7లో నీళ్లు పారే వ్యాసం దాదాపు 309 మి.మీ. మిగులుతుంది. హెచ్‌డీపీఈలో 315 అనేదే బయటి వ్యాసం. పీఈ100 రకంలో పీఎన్ 10 (10 బార్ ఒత్తిడి తట్టే తరగతి) తీసుకుంటే గోడ 18.7 మి.మీ., లోపల మిగిలేది 278 మి.మీ. పీఎన్ 16 అయితే గోడ 28.6 మి.మీ., లోపల 258 మి.మీ. మాత్రమే.

ఘర్షణ నష్టం (పైపులో పారుతూ నీరు కోల్పోయే ఒత్తిడి, నీటి ఎత్తు మీటర్లలో చెబుతారు) లోపలి వ్యాసం మీద దాదాపు అయిదో ఘాతంతో మారుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. హేజన్-విలియమ్స్ సూత్రంలో పైపు నునుపును చెప్పే గుణకం సిమెంటు పూత ఉన్న డీఐకి 140, హెచ్‌డీపీఈకి 145 తీసుకుని లెక్క కట్టాం. డీఐలో కిలోమీటరుకు 2.9 మీటర్ల నష్టం, పీఎన్ 10 హెచ్‌డీపీఈలో 4.6 మీటర్లు, పీఎన్ 16లో 6.6 మీటర్లు. వాగు దగ్గర ఒత్తిడి ఎక్కువ కాబట్టి హెచ్‌డీపీఈ వేస్తే మొదటి సగం పీఎన్ 16, మిగతా సగం పీఎన్ 10 వేయాల్సి వచ్చేది. అప్పుడు మొత్తం నష్టం 50 మీటర్లు. డీఐలో 26. ఆ 24 మీటర్ల తేడాను పంపు ప్రతిరోజూ మోయాలి. పంపు, మోటారు కలిపి 65 శాతం సామర్థ్యం అనుకుంటే ఏడాదికి రెండు లక్షల యూనిట్లకు పైగా అదనపు కరెంటు. 355 మి.మీ. హెచ్‌డీపీఈ తీసుకుంటే నష్టం దాదాపు డీఐతో సమానమవుతుంది, కానీ అప్పుడు ధరలో లాభం కరిగిపోతుంది. ఈ లెక్క ముందు పెట్టాక వాడ వాళ్లు ఇంకేమీ అడగలేదు.

ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు గురించి కూడా అడిగారు. కోదండాపూర్ నుంచి హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు పోయేది పెద్ద స్టీలు పైపుల్లోనే కదా అన్నారు. అంత పెద్ద వ్యాసాలకు స్టీలు సరైన ఎంపికే. అక్కడ మనిషి పైపు లోపలికి దూరి వెల్డింగ్ దగ్గర పూత మళ్లీ వేయగలడు. 300 మి.మీ. పైపులో ఎవరు దూరతారు? ప్రతి వెల్డు దగ్గర లోపలి పూత కాలిపోయి అలాగే మిగిలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. యూపీవీసీ (గట్టి పీవీసీ ప్లాస్టిక్) మాట త్వరగానే తేలిపోయింది. బండ నేల, పైన ట్రాక్టర్ల రాకపోకలు, పైగా చేను పక్కన పైపుకి తూటు పెట్టి నీళ్లు మళ్లించుకునే అలవాటు ఉన్న దారి.

డీఐ గురించి ఒక్క మాట, ఎందుకంటే "కాస్ట్ ఐరన్ కదా, పగులుతుంది" అన్న భయం ఇంకా పోలేదు. పాత కాస్ట్ ఐరన్‌లో గ్రాఫైట్ పలకలుగా ఉంటుంది. పగులు ఆ పలకల అంచుల వెంట పరుగెత్తుతుంది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే అదే గ్రాఫైట్ గుండ్రటి గుళ్లుగా మారుతుంది. 1943లో కీత్ మిల్లిస్ కనిపెట్టిన సంగతి ఇది. ఐఎస్ 8329 ప్రకారం డీఐకి కనీసం 420 మెగాపాస్కల్ తన్యబలం, 10 శాతం సాగుదల ఉండాలి. జేసీబీ పన్ను తగిలితే కాస్ట్ ఐరన్ ముక్కలవుతుంది, డీఐ సొట్టపడుతుంది. ఊళ్ల మధ్య నుంచి పోయే లైనుకు ఈ తేడా చాలా పెద్దది.

కె7 ఎలా సరిపోయింది

కె అనేది గోడ మందం లెక్కలో గుణకం. దాన్ని 0.5 ప్లస్ వ్యాసంలో వెయ్యో వంతుతో గుణిస్తే మందం మి.మీ.లలో వస్తుంది. 300 వ్యాసానికి కె9 అంటే 7.2 మి.మీ., కె7 అంటే 5.6 మి.మీ. తయారీలో రాగల తరుగుదల తీసేసి, మూడు రెట్ల భద్రతతో లెక్క కట్టినా 300 వ్యాసం కె7 సుమారు 34 బార్ వరకు పని చేస్తుంది. కె9 దాదాపు 49. ఫ్యాక్టరీలో కె7ని 32 బార్ దగ్గర, కె9ని 50 బార్ దగ్గర నీటితో పరీక్షిస్తారు.

మా లైనులో ఎంత ఒత్తిడి వస్తుంది? ఎత్తు 52, ఘర్షణ 26, బెండ్లకీ వాల్వులకీ 3, మొత్తం 81 మీటర్లు పంపు నెట్టాలి. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది వాగు అడుగున, నడిచేటప్పుడు 87 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర బార్. దీన్ని చూసి కె7 చాలని చెప్పేస్తే అది సగం లెక్కే. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూడాలి. డీఐ లాంటి గట్టి పైపులో ఒత్తిడి అల సెకనుకు సుమారు 1,100 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. మా లైనులో నీటి వేగం సెకనుకు ఒక మీటరు. ఆ నీరు ఒక్కసారిగా ఆగిందనుకుంటే పెరిగే ఒత్తిడి సుమారు 112 మీటర్లు. అంటే అత్యంత చెడ్డ లెక్కలో వాగు అడుగున 199 మీటర్లు, దాదాపు 20 బార్. ఇంత కష్టపెట్టినా కె7కి ఇంకా 14 బార్ మిగులుంది.

కె9 ఉంటే తప్పేముంది, ధైర్యంగా ఉంటుంది కదా అన్నాడు పంచాయతీ తరఫు పెద్దమనిషి. ఆ ధైర్యానికి మీటరుకు 11 కిలోల ఇనుము అదనం. 8 కిలోమీటర్లకు దాదాపు 90 టన్నులు. ఆ ఇనుము అక్కరలేని ఒత్తిడి కోసం గోడలో కూర్చుంటుంది. ఈ లైనులో ప్రమాదం వేరే మూడు చోట్ల ఉంది: మెట్ట మీద, చౌడు నేలలో, బెండ్ల దగ్గర. గోడ ఒకటిన్నర మి.మీ. మందం పెరిగితే ఆ మూడిటిలో ఏదీ తీరదు. ఆ డబ్బు అక్కడ పెట్టాలన్నది మా వాదన.

కె9ని పూర్తిగా వదల్లేదు. వాగు మీద స్తంభాలపై మోసుకుపోయే ముక్క, రోడ్ల కింద కేసింగులో (బయటి రక్షణ గొట్టంలో) పోయే ముక్కలు, గుట్ట ఎక్కే చివరి భాగంలో పెద్ద గుండ్ల మధ్య పోయేచోట కె9నే ఉంచాం. స్తంభాల మీద పైపు తన బరువునీ నీటి బరువునీ తానే మోస్తుంది. బండల మధ్య కింద మెత్త పరుపు ఎంత జాగ్రత్తగా వేసినా ఎక్కడో ఒక రాయి పొడుచుకునే ఉంటుంది. పంప్‌హౌస్‌లో ఫ్లాంజి (బోల్టులతో కలిపే అంచు ఉన్న) పైపులకు కూడా మందం ఎక్కువ ఉన్న తరగతే వాడాం.

మెట్ట దగ్గర అసలు చిక్కు

5.6 కిలోమీటర్ల దగ్గరి మెట్ట మీద పంపు నడుస్తున్నప్పుడే ఒత్తిడి 15 మీటర్లు. పంపు ఆగితే ట్యాంకు మట్టానికీ మెట్టకీ తేడా 3 మీటర్లే. వేసవిలో గాలిదుమారం వస్తే మన దగ్గర కరెంటు ఎలా పోతుందో అందరికీ తెలుసు. పంపు టక్కున ఆగుతుంది. మెట్ట దాటిన నీళ్లు ఊపులో ట్యాంకు వైపు పోతూనే ఉంటాయి. వెనక నీళ్లు రావు. మెట్ట మీద పైపులో ఖాళీ ఏర్పడుతుంది. కాసేపటికి ట్యాంకు వైపు నీరు వెనక్కి తిరిగి, ఖాళీని మూసేస్తూ ఢీకొంటుంది. లైన్లు "కరెంటు పోయినప్పుడు పగులుతాయి" అని ఆపరేటర్లు అనేది చాలావరకు ఈ సంగతే.

తాగునీటి లైనులో దీనికి ఇంకో ముఖం ఉంది. పైపులో ఒత్తిడి సున్నా కంటే కిందికి పడితే, ఎక్కడైనా రబ్బరు రింగు సరిగ్గా కూర్చోని జాయింటు బయట ఉన్న నీళ్లను లోపలికి పీలుస్తుంది. మా జాయింట్లలో కొన్ని వరి మళ్లలో, పురుగుమందు కలిసిన బురదలో ఉన్నాయి. ఊరి పిల్లలు తాగేది ఈ లైను నీళ్లే. అందుకే మెట్ట మీద గాలిని వేగంగా లోపలికి తీసుకుని, నెమ్మదిగా బయటికి వదిలే ఎయిర్ వాల్వ్ పెట్టించాం. మామూలు ఎయిర్ వాల్వ్ గాలిని ఎంత వేగంగా తీసుకుంటుందో అంతే వేగంగా వదిలేసి టప్పున మూసుకుంటుంది, దాంతో కొత్త దెబ్బ పుడుతుంది. మెట్టకి ముందు ఒక జీరో వెలాసిటీ వాల్వ్ కూడా పెట్టాం. నీరు ఆగి వెనక్కి తిరిగే లోపే అది మూసుకుంటుంది. అంచనాలో ఈ రెండూ లేవు. ఆదా అయిన ఇనుములో కొంత ఇలా వాల్వులుగా మారింది.

చౌడు నేల

మట్టి పరీక్ష అంటే బేరింగ్ కెపాసిటీ చూసి వదిలేయడం మామూలు. డీఐకి కావాల్సింది మట్టి విద్యుత్ నిరోధం. అది తగ్గేకొద్దీ పైపుకి తుప్పు భయం ఎక్కువ. నాలుగు ఇనుప కడ్డీలు సమాన దూరంలో గుచ్చి కొలుస్తారు. చెలకలో 6,000 ఓమ్-సెం.మీ. పైనే వచ్చింది. అక్కడ పైపుతో వచ్చే మామూలు రక్షణ చాలు. అంటే చదరపు మీటరుకు 130 గ్రాముల జింకు, దాని మీద బిటుమెన్ పూత. ఆయకట్టులోకి దిగాక అంకెలు పడిపోయాయి. నల్లరేగడిలో 1,300, చౌడు లేచిన చోట 900. యూరప్ ప్రమాణం ఈఎన్ 545 లెక్కలో భూగర్భ జలం పైన 1,500 కంటే తక్కువ, జలం కింద 2,500 కంటే తక్కువ ఉన్న నేలల్లో మామూలు జింకు-బిటుమెన్ పూత ఒక్కటే చాలదు.

మేము కడ్డీలు గుచ్చుతుంటే పక్క పొలం పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఏం చూస్తున్నారని అడిగితే చెప్పాం. "దానికి మిషిని ఎందుకు సారూ. ఈడ బోరులకు దించిన జీఐ పైపులు మూడేండ్లకే తినేస్తది. అగో, ఆ తుమ్మచెట్టు అవతలికి పోతే ఏం గాదు" అన్నాడు. మీటరు చూపించిన హద్దు కూడా దాదాపు ఆ చెట్టు దగ్గరే తేలింది. ఆ తర్వాత నుంచి కడ్డీలు గుచ్చే ముందు ప్రతి చోటా రైతును అడగడం అలవాటు చేసుకున్నాం. కొలతకు అది బదులు కాదు, కానీ ఎక్కడ ఎక్కువ కొలవాలో చెబుతుంది.

ఆ 2.4 కిలోమీటర్లకు 200 మైక్రాన్ల పాలిథీన్ తొడుగు వేశాం. ఇది నీళ్లు చొరకుండా చేసే కవరు కాదు. లోపలికి కొంత తడి చేరుతుంది. కానీ ఆ కొద్ది తడిలోని ఆక్సిజన్ మొదట్లోనే ఖర్చయిపోతుంది, కొత్త నీరు కదిలి రాదు, తుప్పు ఆగిపోతుంది. ఈ సంగతి పనివాళ్లకు చెప్పాక తొడుగు వేసే తీరు మారింది. బిగించి కట్టే బదులు, వదులుగా మిగిలిన భాగాన్ని పైపు పైకి మడిచి టేపు వేయడం, సాకెట్ (పక్క పైపు దూరే వెడల్పాటి చివర) దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వదలడం, చిరిగిన చోట అప్పుడే అతుకు వేయడం. చిరిగిన తొడుగును అలాగే పూడిస్తే తుప్పంతా ఆ ఒక్క చోట చేరుతుంది.

వేసేటప్పుడు

వరి మళ్లలో ఒక సంగతి కొత్తవాళ్లను ఆశ్చర్యపరుస్తుంది. ఇనుప పైపు నీళ్ల మీద తేలుతుంది. 300 కె7 పైపు సిమెంటు పూతతో కలిపి మీటరుకు దాదాపు 50 కిలోలు. అది పక్కకు నెట్టే నీరు మీటరుకు 83 కిలోలు. రెండు చివరలూ మూసి, మన్ను కప్పకుండా వదిలితే, ఒక రాత్రి వానకు తవ్విన కాలువ నిండితే లైను లేచి నిలబడుతుంది. జాయింట్లు వంకర తిరుగుతాయి. అందుకే ఆయకట్టులో నియమం ఒకటే పెట్టాం. ఏ రోజు కలిపిన పైపులకు ఆ రోజే నడుము మీద మన్ను పడాలి, జాయింట్లు మాత్రం పరీక్ష కోసం తెరిచి ఉంచాలి. కాంట్రాక్టరుకు ఇది నచ్చలేదు. తవ్వకం ముందు, పూడ్చడం చివర అన్నది వాళ్ల పద్ధతి. చెరువు అలుగు పారిన వారం తర్వాత ఎవరూ ఎదురు చెప్పలేదు.

బండ నేలలో 150 మి.మీ. లోతు ఎక్కువ కొట్టి మెత్తని మొరం పరిపించాం. ప్రతి సాకెట్ కింద చిన్న గుంట తీయించాం. సాకెట్ గుంట లేకపోతే 5.5 మీటర్ల పైపు మొత్తం సాకెట్ మీద ఆనుకుంటుంది, నడుము గాల్లో ఉంటుంది.

ఒక కల్వర్టు కింద జాయింటు గురించి వివరంగా చెప్పాలి. అక్కడ పూర్తి పైపు పట్టదు కాబట్టి ఒకదాన్ని గ్రైండర్‌తో కోశారు. చుట్టుకొలత ముందే చూశాం. 326 వ్యాసానికి 1,024 మి.మీ. రావాలి, 1,014 నుంచి 1,027 మధ్య ఉంటే సాకెట్‌లో కూర్చుంటుంది. అది సరిగ్గానే ఉంది. రబ్బరు రింగు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, చెయిన్ పుల్లీతో గుంజుతున్నారు. మామూలుగా రింగు దాటేటప్పుడు ఒక గట్టిదనం వచ్చి వెంటనే వదిలేస్తుంది. ఇక్కడ వదల్లేదు. "ఇంకింత గుంజితే పోతది సార్" అన్నాడు ఫిట్టరు. ఆపమని, సాకెట్‌కీ పైపుకీ మధ్య సందులో సన్నని ఉక్కు రేకు పెట్టి చుట్టూ చూశాం. పైనా, పక్కలా రేకు ఒకే లోతులో రింగుకి తగిలి ఆగింది. అడుగున ఎడమ వైపు అరచేయంత మేర రేకు అడ్డం లేకుండా లోపలికి పోయింది. పైపు వెనక్కి లాగితే రింగు అక్కడ లోపలికి మడతపడి, అంచు తెగి ఉంది. కోసిన పైపు మూతిని ఏటవాలుగా అరగదీయలేదు. కత్తిలా ఉన్న అంచు రింగును కోసేసింది.

మూతి మళ్లీ అరగదీసి, కొత్త రింగు వేశాక పుల్లీ మామూలుగా లాగింది. పైపు ఎంత లోపలికి పోవాలో చూపే తెలుపు గీత సాకెట్ అంచుకి చేరింది, రేకు చుట్టూ ఒకే లోతు చూపించింది. ఆ జాయింటు అలాగే మట్టిలో పోయుంటే పరీక్షలో నిలబడేదేమో కూడా. మడతపడిన రింగు కొన్నాళ్లు ఆపుతుంది. తర్వాత కల్వర్టు కింద తవ్వకం ఎంత కష్టమో ఎవరైనా ఊహించుకోవచ్చు. కోసిన పైపు వేసిన ప్రతి జాయింటుకీ రేకు పరీక్ష తప్పనిసరి చేశాం. రింగులకు గ్రీజు రాయడం మాత్రం పూర్తిగా మాన్పించాం, పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది.

బెండ్ల దగ్గర అడ్డుకట్ట దిమ్మెలు. ఈ జాయింట్లు లాగితే ఊడి వచ్చేవే. 13 బార్ పరీక్ష ఒత్తిడిలో 300 లైను చివర మూత మీద పడే తోపు 11 టన్నులు. 45 డిగ్రీల బెండు మీద ఎనిమిదిన్నర టన్నులు, 90 డిగ్రీల దాని మీద పదిహేనున్నర. చెలకలో మొరం గట్టిగా ఆనుతుంది కాబట్టి దిమ్మె మామూలు సైజు చాలింది. నల్లరేగడి నానితే ఆనదు. అక్కడ ఒకే పెద్ద బెండు బదులు జాయింట్ల దగ్గర కొద్దికొద్దిగా మలుపు తీసుకున్నాం. ఒక్కో జాయింటు మూడు డిగ్రీలు తిప్పితే 5.5 మీటర్లకు 29 సెం.మీ. పక్కకు జరుగుతుంది. తప్పని రెండు చోట్ల ఊడి రాకుండా తాళం పడే జాయింట్లు వాడాం.

డీఐ వద్దన్న లైను

వాడలోని యూనిట్ల వాడిన నీటిని శుద్ధి చేశాక తోటలకు పంపే చిన్న లైను కూడా అదే ఆర్డరులో డీఐగా ఉంది. పీహెచ్ రికార్డులు తెప్పించి చూశాం. సగటు బాగానే ఉంది, కానీ ట్యాంకులు కడిగిన రోజుల్లో 5 కంటే కిందికి పోయింది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు పూత పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న నీటికి తట్టుకోదు. సల్ఫేటును తట్టుకునే సిమెంటు 5.5 వరకు వస్తుంది. హై అల్యూమినా సిమెంటు 4 దాకా నిలబడుతుంది. అదీ వేయించవచ్చు, కానీ పైగా ఆ నీటిలో సాల్వెంట్ల జాడలు ఉన్నాయి, రబ్బరు రింగులకు అవి చెరుపు. ఒత్తిడి 3 బార్ దాటని, పొడవు తక్కువ ఉన్న ఆ లైనుకు వెల్డింగ్ హెచ్‌డీపీఈ సరైన పైపు. అదే వేశాం.

పరీక్ష, నీళ్లు వదలడం

పరీక్ష మూడు ముక్కలుగా చేశాం. కింది చివర నుంచి నెమ్మదిగా నింపి, గాలి పోనిచ్చి, ఒక రోజంతా నాననిచ్చాకే ఒత్తిడి ఎక్కించాం. కొత్త సిమెంటు పూత నీళ్లు పీల్చుకుంటుంది. నానబెట్టకుండా మొదలుపెడితే గేజి పడిపోతుంది, లేని లీకు కోసం మనుషులు కాలువ వెంట తిరుగుతారు. రెండో ముక్కలో మాత్రం నిజంగానే ఒత్తిడి నిలవలేదు. లీకు ఒక స్లూయిస్ వాల్వ్ ఫ్లాంజి దగ్గర దొరికింది, పైపు జాయింట్లలో కాదు.

నీళ్లు వదిలాక చివరి ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. నీళ్లు జారుగా, సబ్బు కలిపినట్టు ఉన్నాయని. కొత్త సిమెంటు పూతలోని సున్నం నిలవ నీటిలోకి దిగుతుంది. ఆ ఊరికి పోయే కొమ్మ లైనులో అప్పటికి కనెక్షన్లు తక్కువ, నీళ్లు కదలడం లేదు. కొలిస్తే పీహెచ్ 9 దాటింది. చివరి వాష్‌అవుట్ వాల్వ్ రోజూ తెరిచి కడుగుతూ పోయాం. క్రమంగా 8 దగ్గరికి దిగింది. ఇది ముందే ఊరికి చెప్పి ఉంచాల్సిన విషయం, ఎందుకంటే కొత్త నీళ్లు బాగాలేవన్న మాట ఒకసారి పడితే జనం తిరిగి బోరుకే పోతారు.

నిర్వహణ చేతికి ఇచ్చేటప్పుడు ప్రతి ఎయిర్ వాల్వ్, కోసిన పైపు జాయింటు, తొడుగు మొదలైన చోటు, ముగిసిన చోటు దూరాలతో సహా పటంలో గుర్తించి ఇచ్చాం. దాంతోపాటు ఒక షరతు రాసిచ్చాం. కె7 గోడ 5.6 మి.మీ. మాత్రమే కాబట్టి ఇంటి కనెక్షన్ల కోసం పైపుకే మర కోసి ఫెర్రూల్ (కనెక్షన్ తీసే చిన్న గొట్టపు ముక్క) బిగించకూడదు, మరకు పట్టు చాలదు. శాడిల్ క్లాంపు (పైపు చుట్టూ బిగించే పట్టీ) వేసి మాత్రమే తూటు పెట్టాలి. తొడుగు ఉన్న భాగంలో అయితే ముందు టేపు చుట్టి, దాని మీదుగా తూటు పెట్టి, క్లాంపు చుట్టూ పాలిథీన్ మళ్లీ మూసి, ఆ తర్వాతే మన్ను వేయాలి.